అన్ని అకౌంట్లూ ఒకే స్క్రీన్ మీద కావాలా? పాస్‌వర్డ్ చెప్పకుండానే చూసుకునే పద్ధతి

జీతం ఒక బ్యాంకులో పడుతుంది. ఇంటి లోను ఇంకో బ్యాంకులో ఉంటుంది. ఎప్పుడో ఆంధ్రా బ్యాంకులో తెరిచిన అకౌంటు 2020లో యూనియన్ బ్యాంకు కిందికి వెళ్లిపోయింది, అందులో ఎంతుందో గుర్తు కూడా లేదు. పీఎఫ్ ఒకచోట, మ్యూచువల్ ఫండ్లు రెండు మూడు చోట్ల. వీటన్నిటినీ ఒకేచోట చూపిస్తామని ఏ సైటో, ఏ యాపో ముందుకొస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఆ తర్వాతి స్క్రీన్‌తోనే: “మీ బ్యాంకును ఎంచుకోండి. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వండి.”

అక్కడ ఆగిపోండి. బ్యాంకు అకౌంట్ల వివరాలు ఒకచోట చూసుకోవడానికి మన దేశంలో ఇప్పుడు ఎవరికీ పాస్‌వర్డ్ చెప్పనక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు నియమాలతో నడిచే వేరే దారి ఉంది. దాన్ని ఎలా వాడాలో, అందులో దొరకని వాటిని ఎలా చూసుకోవాలో, ఇప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు, మిమ్మల్ని ఏం అడుగుతున్నారో చూడండి

యాప్‌లు మీ వివరాలు తీసుకునే దారులు ముఖ్యంగా మూడు. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే జనం తికమక పడతారు.

మొదటిది నేరుగా నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడగడం. స్క్రీన్ మీద మీ బ్యాంకు లోగో ఉంటుంది, రంగులు కూడా అవే ఉంటాయి. కానీ పైన అడ్రస్ బార్‌లో ఉన్న పేరు బ్యాంకుది కాదు, ఆ సైటుది. యాప్‌లో అయితే అడ్రస్ బార్ అసలు కనబడదు, కాబట్టి ఇంకా అనుమానించాలి. కొన్ని లోన్ సైట్లు ఆరు నెలల స్టేట్‌మెంట్ కోసం పీడీఎఫ్ అప్‌లోడ్ చేయమంటూనే, పక్కన “నెట్ బ్యాంకింగ్‌తో వెంటనే” అనే బటన్ పెడతాయి. ఆ బటన్ అర్థం చాలాసార్లు ఇదే.

రెండోది మీ మెసేజ్‌లు, మెయిల్ చదివే అనుమతి. ఖర్చుల లెక్క చూపించే యాప్‌లు చాలావరకు ఇలాగే పనిచేస్తాయి. బ్యాంకు పంపే ఎస్‌ఎంఎస్‌ల నుంచి “డెబిట్”, “క్రెడిట్” ఏరుకుని మొత్తం కూడుతాయి. పాస్‌వర్డ్ అడగలేదు కదా అని ఊరుకోకండి. బ్యాలెన్స్ మెసేజ్ వచ్చే పెట్టెలోకే ఓటీపీ కూడా వస్తుంది. పాస్‌వర్డ్ మార్చుకోవడానికి పంపే లింకులు వచ్చేది మెయిల్‌కే. ఒకే యాప్‌కి పాస్‌వర్డూ, మెసేజ్‌లు చదివే అనుమతీ రెండూ ఇచ్చారంటే ఇక మీతో పని లేకుండానే అది అన్నీ చేయగలదు.

మూడోది అకౌంట్ అగ్రిగేటర్. ఇందులో మీ ఫోన్ నంబరు, ఓటీపీ, ఒక అనుమతి పత్రం, అంతే. మనకు కావాల్సింది ఇదే.

పాస్‌వర్డ్ ఇస్తే ఏమవుతుంది

మీ బ్యాంకు దగ్గర కూడా మీ పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా ఉండకూడదు. దాన్ని వెనక్కి తిప్పలేని ఒక గజిబిజి కోడ్‌గా మార్చి దాచడం పద్ధతి. మీరు లాగిన్ అయినప్పుడు మీరు కొట్టినదాన్ని మళ్లీ అలాగే మార్చి, రెండూ సరిపోయాయో లేదో చూస్తారు. ఆ జాబితా దొంగల చేతికి చిక్కినా అసలు పాస్‌వర్డ్ రాబట్టడం కష్టం.

మీ తరఫున రోజూ బ్యాంకులోకి లాగిన్ అయ్యే సైటుకి ఈ వెసులుబాటు లేదు. అది రేపు ఉదయం మీ పాస్‌వర్డ్‌ని మళ్లీ బ్యాంకు పేజీలో కొట్టాలి. కాబట్టి దాన్ని తిరిగి చదవగలిగే రూపంలోనే దాచుకోవాలి. ఎంత గట్టిగా తాళం వేసి దాచినా ఆ తాళం తీసే ఏర్పాటు కూడా వాళ్ల సిస్టమ్‌లోనే ఉంటుంది. “మేము బ్యాంకు స్థాయి ఎన్‌క్రిప్షన్ వాడతాం” అని హోం పేజీ మీద పెద్దక్షరాలతో రాసుకున్నా ఈ సంగతి మారదు.

పైగా పాస్‌వర్డ్‌లో “చూడటానికి మాత్రమే” అనే రకం మామూలుగా ఉండదు. పాస్‌బుక్ చూపించడం వేరు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు చేతిలో పెట్టడం వేరు. మీరు ఇద్దామనుకున్నది మొదటిది, ఇస్తున్నది రెండోది.

డబ్బు పోతే? 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మోసం జరిగి, బ్యాంకు నుంచి ఆ లావాదేవీ సమాచారం అందిన 3 పనిదినాల్లో మీరు చెబితే మీ మీద భారం పడదు. కానీ పాస్‌వర్డ్ లాంటి రహస్య వివరాలు మీరే వేరేవాళ్లకు ఇచ్చి ఉంటే అది మీ నిర్లక్ష్యం కింద లెక్క. బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బంతా మీరే భరించాలి. ఫిర్యాదు చేశాక పోయింది మాత్రమే బ్యాంకు భరిస్తుంది. ఆ సైటు ఎంత నిజాయితీ గలదైనా, దాని నుంచే పాస్‌వర్డ్ బయటికి పొక్కిందని మీరు నిరూపించుకోవడం మాటలు కాదు.

మన దగ్గర చాలా బ్యాంకులు లాగిన్‌కే ఓటీపీ అడగడం వల్ల పాస్‌వర్డ్ ఒక్కటే ఇస్తే పని జరగదు. అందుకే ఈ సైట్లు ఓటీపీ కూడా అక్కడే కొట్టమంటాయి. ఏళ్ల తరబడి బ్యాంకులు “ఓటీపీ ఎవరికీ చెప్పకండి” అని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నది దేని గురించో, సరిగ్గా అదే పని మీ చేత మర్యాదగా చేయిస్తున్నారన్నమాట.

అకౌంట్ అగ్రిగేటర్‌తో ఎలా చేయాలి

రిజర్వ్ బ్యాంకు 2016 సెప్టెంబరు 2న దీనికి నియమాలు తెచ్చింది. 2021 సెప్టెంబరులో బ్యాంకులతో ఇది నడకలోకి వచ్చింది. అగ్రిగేటర్ అంటే మీ బ్యాంకుకూ, వివరాలు కావాల్సిన సంస్థకూ మధ్య నడిచే మోతగాడు. అది మోసే మూటను విప్పి చూడలేదు. ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని కోడ్‌గా మారి వచ్చిన వివరాలు అవతలి సంస్థ దగ్గరే తెరుచుకుంటాయి. ఖాతాదారు పాస్‌వర్డ్ గానీ పిన్ గానీ అడగకూడదని, దాచుకోకూడదని ఆ నియమాల్లోనే రాసి ఉంది. డబ్బు లావాదేవీలు జరిపే వీలు కూడా దానికి లేదు.

అంటే అగ్రిగేటర్ అని చెప్పుకుంటూ నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడిగారంటే అది అగ్రిగేటర్ కాదు. ఇంకేమీ ఆలోచించకుండా బయటికి వచ్చేయండి.

1. ఎక్కడ చూడాలో నిర్ణయించుకోండి. కొత్త యాప్ వెతకడానికి ముందు మీరు ఇప్పటికే వాడుతున్న బ్యాంకు యాప్‌లో “వేరే బ్యాంకు అకౌంట్లు కలపండి” లాంటి మెనూ ఉందేమో చూడండి. యాక్సిస్ బ్యాంకు 2023లో తన యాప్‌లో వన్ వ్యూ పేరుతో ఇలాంటిది తెచ్చింది. ఇంకొన్ని బ్యాంకులు, పెట్టుబడుల యాప్‌లు కూడా చూపిస్తున్నాయి. ఈ పద్ధతిలో వివరాలు తీసుకునే సంస్థ ఏదో ఒక ఆర్థిక నియంత్రణ సంస్థ కింద, అంటే రిజర్వ్ బ్యాంకు, సెబీ (షేర్లు, ఫండ్లు), ఐఆర్‌డీఏఐ (బీమా), పీఎఫ్‌ఆర్‌డీఏ (పింఛను)ల్లో ఒకదాని కింద నమోదై ఉండాలి. దారిన పోయే యాప్‌కి ఈ తలుపు తెరుచుకోదు.

2. ఆ యాప్ మిమ్మల్ని ఒక అగ్రిగేటర్ పేజీకి పంపుతుంది. ఫిన్వు, వన్‌మనీ, అనుమతి, క్యామ్స్ ఫిన్‌సర్వ్ లాంటి పేర్లు కనిపిస్తాయి. పేరు కొత్తగా ఉంటే లైసెన్సు ఉన్న అగ్రిగేటర్ల జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

3. బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరే ఇవ్వండి. ఇక్కడే చాలామందికి బండి ఆగిపోతుంది. పాత అకౌంటుకి పాత నంబరు ఉంటే అది ఈ జాబితాలో కనిపించదు. అగ్రిగేటర్ తప్పేమీ కాదు. బ్రాంచికి వెళ్లి నంబరు మార్పించుకోవాల్సిందే. అందరూ వాయిదా వేసే పని ఇది. కానీ ఆ పాత నంబరు ఈపాటికి వేరెవరికో కేటాయించి ఉండొచ్చు, మీ ఓటీపీలు వాళ్లకు పోతుంటాయి. ఈ వంకతోనైనా పూర్తి చేసేయండి.

4. బ్యాంకులు ఎంచుకుంటే మీ అకౌంట్లు చివరి అంకెలతో కనిపిస్తాయి. కలపాలనుకున్న వాటికి టిక్ పెట్టండి. ఆ బ్యాంకు నుంచి ఓటీపీ వస్తుంది, అది కొట్టాలి. ఓటీపీ మెసేజ్‌ను పూర్తిగా చదవండి. అకౌంట్ లింక్ చేయడానికి అని ఉండాలి. ఏదైనా మొత్తం, చెల్లింపు, బెనిఫిషియరీ (డబ్బు అందుకునేవారు) అనే మాట కనబడితే కొట్టొద్దు. జాయింట్ అకౌంటు కనబడకపోతే కంగారు పడకండి, వ్యక్తిగత అకౌంట్లతో కానిచ్చేయండి.

5. ఆఖర్న అనుమతి స్క్రీన్ వస్తుంది. ఇంతవరకు వచ్చాక జనం ఊపిరి పీల్చుకుని “అప్రూవ్” నొక్కేస్తారు. అసలు కథంతా అక్కడే ఉంది.

ఆ అనుమతి స్క్రీన్‌లో ఏం చదవాలి

అక్షరాలు చిన్నగా ఉంటాయి. కొన్నిచోట్ల “వివరాలు చూడండి” అనే బాణం గుర్తు నొక్కితేనే తెరుచుకుంటాయి. తెలుగు ఎంచుకునే వీలున్న చోట కూడా అనువాదం ఒక్కోసారి ఎంత కృతకంగా ఉంటుందంటే, ఇంగ్లిష్‌దే నయమనిపిస్తుంది. అయినా ఓపిగ్గా చూడండి.

ఎందుకు అడుగుతున్నారు అన్నది మొదటి వరస. దీనికి నిర్ణయించిన రకాలు ఉన్నాయి: సంపద నిర్వహణ, ఖర్చుల తీరు, అన్నీ కలిపిన స్టేట్‌మెంట్, అకౌంట్ల మీద నిఘా ఉంచడం, ఒక్కసారికి మాత్రమే చూడటం. లోను కోసం దరఖాస్తు పెట్టినప్పుడు “ఒక్కసారి” అని ఉంటే సబబే. “నిఘా” అని ఉంటే లోను తీరేదాకా మీ అకౌంటును చూస్తూ ఉంటారని అర్థం. ఎందుకని అడగండి. కారణం ఉండొచ్చు, అది మీకు తెలిసి ఒప్పుకోవడం ముఖ్యం.

తర్వాత ఏ వివరాలు. పేరు, అడ్రస్, నామినీ ఉండే ప్రొఫైల్ ఒకటి. బ్యాలెన్స్ ఉండే సారాంశం ఒకటి. ప్రతి లావాదేవీ ఇంకొకటి. మూడోదాంట్లో మీరు ఏ ఆసుపత్రికి ఎంత కట్టారో, ఎవరికి నెలనెలా ఎంత పంపుతున్నారో, చిట్టీ ఎక్కడ వేశారో అన్నీ ఉంటాయి. మొత్తం ఆస్తి ఎంతో చూపించే యాప్‌కి సారాంశం సరిపోతుంది. ఖర్చుల లెక్కకైతే లావాదేవీలు కావాల్సిందే.

ఎంత వెనక్కి చూస్తారు, ఎన్నిసార్లు తెచ్చుకుంటారు, ఎన్నాళ్లు దాచుకుంటారు, అనుమతి ఎప్పుడు ముగుస్తుంది: ఈ నాలుగూ తేదీలతో, అంకెలతో ఉంటాయి. ఉదాహరణకు “గత 12 నెలలు, నెలకు ఒకసారి, 1 సంవత్సరం” అంటే ఖర్చుల యాప్‌కి సమంజసమే. అదే యాప్ రోజుకు చాలాసార్లు తెచ్చుకుంటానంటే, ఐదేళ్లు దాచుకుంటానంటే నేనైతే ఒప్పుకోను.

చాలా యాప్‌లలో ఈ అంకెలను మీరు మార్చలేరు. ఒప్పుకోవడమో, తిరస్కరించడమో, అంతే. కాకపోతే ఏ అకౌంట్లు చూపించాలో మీరు ఎంచుకోవచ్చు. లోను కోసమైతే జీతం పడే అకౌంటు ఒక్కటే టిక్ పెట్టండి, మిగతావి వదిలేయండి.

అనుమతి వెనక్కి తీసుకోవడం తేలికే. అగ్రిగేటర్ యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ అదే నంబరుతో లాగిన్ అయి, “కన్సెంట్స్” కింద ఆ సంస్థ పేరు నొక్కి “రివోక్” చేయాలి. ఆ క్షణం నుంచి కొత్త వివరాలు వెళ్లవు. ఇప్పటికే వెళ్లిన వివరాలు మాత్రం ఆ సంస్థ దగ్గర, మీరు ఒప్పుకున్న గడువుదాకా ఉంటాయి. అవీ పోవాలంటే ఆ సంస్థకే విడిగా రాయాలి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయడం వల్ల మాత్రం ఏదీ ఆగదు, అనుమతి అలాగే నడుస్తుంటుంది.

అగ్రిగేటర్‌లో దొరకని వాటికి

మ్యూచువల్ ఫండ్ల కోసం ఏ సైటుకీ లాగిన్ ఇవ్వనక్కర్లేదు. ఫండ్ల ఖాతాల రికార్డులు చూసే సంస్థలు, మన హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్, చెన్నైలోని క్యామ్స్ కలిపి అన్ని ఫండ్లకూ ఒకే స్టేట్‌మెంట్ మెయిల్‌కు పంపుతాయి. పాన్ నంబరు, మెయిల్ ఐడీ ఇస్తే చాలు, ఆ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ మీరే పెట్టుకుంటారు. ఈ రెండు సంస్థలే నడిపే ఎంఎఫ్ సెంట్రల్‌లో అయితే నేరుగా చూడొచ్చు. పీడీఎఫ్‌ను వేరే యాప్‌లో వేసే ముందు దానికి నెట్ బ్యాంకింగ్‌లో వాడే పాస్‌వర్డ్ పెట్టలేదని చూసుకోండి.

పీఎఫ్‌ది మరో గొడవ. “పీఎఫ్ బ్యాలెన్స్ చెక్” పేరుతో దొరికే యాప్‌లు యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు), పాస్‌వర్డ్ అడుగుతాయి. అవసరమే లేదు. యూఏఎన్‌కు జోడించిన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే రెండు రింగులకే కట్ అయి, బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. పాస్‌బుక్ కావాలంటే ప్రభుత్వ ఉమంగ్ యాప్ ఉంది.

ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డ్ ఆడిటర్‌కు వాట్సాప్‌లో పంపడం మన దగ్గర రివాజైపోయింది. ఏటా అదే పాస్‌వర్డ్, అదే చాట్‌లో. పోర్టల్‌లో అధీకృత భాగస్వాముల మెనూ కింద “మై చార్టర్డ్ అకౌంటెంట్” అని ఉంటుంది. అక్కడ మీ సీఏను చేర్చవచ్చు, పని అయ్యాక తీసేయవచ్చు.

నిజం చెప్పాలంటే, మూడు నాలుగు అకౌంట్లు మాత్రమే ఉన్నవాళ్లకు ఏ యాపూ అక్కర్లేదు. నెల మొదటి తారీఖున ఒక్కో యాప్ తెరిచి బ్యాలెన్స్‌లు ఎక్సెల్‌లోనో డైరీలోనో రాసుకుంటే పావుగంట పని. రోజూ కదిలే గ్రాఫులు మొదటి నెలే ముచ్చటగా ఉంటాయి, రెండో నెలకు ఎవరూ తెరవరు.

ఇంట్లోవాళ్ల అకౌంట్లు మీరు చూస్తుంటే

నాన్న పింఛను ఊళ్లో స్టేట్ బ్యాంకులో పడుతుంది, దాన్ని బెంగళూరు నుంచో డాలస్ నుంచో కొడుకో కూతురో చూస్తుంటారు. పాస్‌వర్డ్ ఇక్కడ, ఓటీపీ అక్కడ. ఫోన్‌లో నాన్న ఓటీపీ చదివి వినిపిస్తారు. దీంతో ఆయనకు ఏం అలవాటవుతోందో ఒకసారి ఆలోచించండి: ఫోన్‌లో అడిగితే ఓటీపీ చెప్పడం.

కేవలం పింఛను పడిందో లేదో చూడటానికైతే స్టేట్ బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో మంచి ఏర్పాటు ఉంది. రిజిస్టర్ చేసుకునేటప్పుడే పూర్తి హక్కులు, పరిమిత హక్కులు, చూసే హక్కు మాత్రమే అని మూడు రకాలు అడుగుతుంది. చూసే హక్కు తీసుకుంటే ఆ లాగిన్‌తో డబ్బు బయటికి పంపడం కుదరదు. నాన్న నెట్ బ్యాంకింగ్‌లో బదిలీలు చేయరు కాబట్టి ఆయనకూ లోటుండదు. ఇది తెలిసినవాళ్లు తక్కువ.

ఇప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే

వరస ముఖ్యం. ముందు బ్యాంకులో పాస్‌వర్డ్ మార్చండి, ఆ తర్వాతే సైటులో అకౌంట్ తీసేయండి. తిరగేసి చేస్తే, మీరు వెళ్లిపోయిన తర్వాత కూడా పనిచేసే పాస్‌వర్డ్ వాళ్ల బ్యాకప్‌లో మిగిలిపోతుంది.

బ్యాంకులో లాగిన్ పాస్‌వర్డ్‌తో పాటు, విడిగా ఉంటే ప్రొఫైల్ లేదా ట్రాన్సాక్షన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. రహస్య ప్రశ్నలకు జవాబులు మార్చండి. బెనిఫిషియరీల జాబితాలో మీరు చేర్చని పేరు ఉందేమో చూడండి. ఫోన్ నంబరు, మెయిల్ మీవే ఉన్నాయో లేదో చూసుకోండి. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కో వేరే బ్యాంకుకో వాడి ఉంటే అక్కడా మార్చాలి.

ఇక సైటులో బ్యాంకు లింకు తీసేసి, అకౌంట్ డిలీట్ చేయమని, వివరాలు చెరిపేయమని మెయిల్ రాయండి. గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో మీ మెయిల్ చదివే అనుమతి ఏయే యాప్‌లకు ఉందో కనిపిస్తుంది, అక్కర్లేనివి తీసేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఎస్‌ఎంఎస్ అనుమతి ఉన్న యాప్‌ల జాబితా చూడండి. మెసేజ్ యాప్ కాక ఇంకెన్ని ఉన్నాయో చూస్తే ఆశ్చర్యపోతారు. నెట్ సెంటర్‌లోనో ఆఫీసులోనో లాగిన్ అయినప్పుడు బ్రౌజర్ “సేవ్ చేయమంటారా” అంటే అవునన్నారేమో, అదీ గుర్తు చేసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడ ఈ కథ పాతది. ఇలా అకౌంట్లన్నీ ఒకచోటికి తెచ్చే యాడ్లీ అనే సంస్థ 1999లో మొదలైంది. 2007లో వచ్చిన మింట్ అనే ఖర్చుల లెక్కల సైటు అయితే ఇంటింటి పేరైంది. లక్షలాది మంది బ్యాంకు పాస్‌వర్డ్‌లు అందులో కొట్టారు, ఏళ్ల తరబడి వాడారు. సౌకర్యం నిజంగానే ఉండేది, కాదనలేం. 2009లో దాన్ని ఇన్‌ట్యుయిట్ అనే కంపెనీ కొనేసింది, 2024 మార్చిలో మూసేసింది. పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు ఉన్న యజమాని చివరిదాకా ఉండడన్నది దీన్ని చూస్తే తెలుస్తుంది. యాప్‌లను బ్యాంకులతో కలిపే పని చేస్తూ చాలా యాప్‌ల వెనక ఉండే ప్లెయిడ్ అనే సంస్థ, బ్యాంకు లాగిన్ పేజీలా కనిపించే స్క్రీన్లు పెట్టి అవసరానికి మించి వివరాలు తీసుకుందన్న దావాలో 2022లో 5.8 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. తప్పు చేయలేదనే ఆ సంస్థ వాదన.

ఇప్పుడు పెద్ద బ్యాంకులు చాలావరకు తమ సొంత పేజీకే పంపి అనుమతి తీసుకుంటున్నాయి. యాప్‌లో బ్యాంకు ఎంచుకోగానే బ్రౌజర్‌లో గానీ బ్యాంకు యాప్‌లో గానీ వేరే పేజీ తెరుచుకుని, అడ్రస్ బ్యాంకుదై ఉంటే అక్కడ లాగిన్ కావచ్చు. యాప్‌కి పాస్‌వర్డ్ చేరదు, ఒక టోకెన్, అంటే పాస్‌వర్డ్ బదులు బ్యాంకు ఇచ్చే అనుమతి కోడ్ మాత్రమే వెళ్తుంది. తర్వాత బ్యాంకు సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో “లింక్ అయిన యాప్‌లు” చూసి ఆపేయవచ్చు. ప్లెయిడ్ పోర్టల్‌లో కూడా మీరు ఎప్పుడో కలిపి మరచిపోయినవి కనిపిస్తాయి. చిన్న క్రెడిట్ యూనియన్లలో (సహకార బ్యాంకుల్లాంటివి) ఇంకా పాస్‌వర్డే అడుగుతుంటే ఆ ఒక్క అకౌంటును చేత్తో రాసుకోండి. ఇండియాలోని ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసుల) అకౌంటు పాస్‌వర్డ్ మాత్రం అమెరికా యాప్‌లో పెట్టొద్దు.

డబ్బు పోయిందని అనుమానం వస్తే

ఇండియాలో అయితే వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. దాంతోపాటే బ్యాంకు హెల్ప్‌లైన్‌కు చెప్పి అకౌంటు ఆపించండి. పాస్‌వర్డ్ ఇచ్చి ఉన్నారు కాబట్టి ఫిర్యాదుకు ముందు జరిగినదంతా మీ నెత్తినే పడుతుంది, అందుకే ఇక్కడ నిమిషాలు లెక్క. బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, చెప్పిన టైము రాసి పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పినా అదే విషయం మెయిల్‌లో కూడా పంపండి. ఏ సైటుకు పాస్‌వర్డ్ ఇచ్చారో ఆ ఫిర్యాదులో దాచకుండా రాయండి, ఎందుకంటే అదే సైటు వాడిన ఇంకొకరు కూడా ఫిర్యాదు చేస్తే పోలీసులకు దొరికే మొదటి ఆధారం అదే.